ఫిల్మ్ రోలు వేసి చూడకుండా అమ్మిన కెమెరాల గురించి

మా దుకాణంలో పాత ఫిల్మ్ కెమెరా కొన్నవారందరికీ ఒక సంగతి చెప్పాలి. పెట్టె మీద 'పరీక్షించినది' అని చీటీ అంటించి అమ్మాను. ఆ పరీక్ష చాలలేదు.

మొన్న వేసవిలో ఒక అమ్మాయి వాళ్ల నాన్నగారి షష్టిపూర్తికి తీసిన రోలు తెచ్చి ఇచ్చింది. కెమెరా మా దగ్గర కొన్నదే, దానంతట అదే రోలు తిప్పుకునే మోటారు రకం. రోలు కడిగి వేలాడదీశాను. మొదట్లో, ఎక్కించేటప్పుడు వెలుగు తగిలిన నల్లటి ముక్క. ఆ తర్వాత చివరిదాకా ఖాళీ నారింజ రంగు పట్టీ. ఒక్క బొమ్మ లేదు.

కడగడంలో నేనే తప్పు చేశానేమో అని గుండె గుభేలుమంది. కలర్ డెవలపర్, అంటే బొమ్మను తేల్చే మందు, 37.8 డిగ్రీల దగ్గర ఉండాలి. బెజవాడ మే నెలలో మా డాబా మీది టాంకు నీళ్లే ఆ వేడిని దాటిపోతాయి, ఐసు వేసి దించుకుంటాం. కానీ ఫిల్ము అంచున కంపెనీ ముందే వెలుగుతో వేసి పంపే ముద్ర, అంకెలు చక్కగా తేలి ఉన్నాయి. అంటే మందు తన పని తాను చేసింది. కన్ను తెరవనిది కెమెరాయే.

ఫ్లాష్ వెలిగింది, మోటారు గుర్రుమంది, అంకె 36 దాకా పెరిగింది. తీసే మనిషికి అనుమానం ఎలా వస్తుంది? "ఫర్వాలేదు అంకుల్, ఫోనులో ఉన్నాయి కదా" అంది ఆ అమ్మాయి. నాలుగు తిట్టినా బాగుండేది. డబ్బు మొత్తం తిరిగి ఇచ్చేశాను.

అమ్మే ముందు నేను చేసిన పరీక్ష ఇదీ: వెనుక తలుపు తెరిచి, కిటికీ వైపు పట్టి, మూడుసార్లు నొక్కాను. మూడుసార్లూ లోపల వెలుగు రెప్పపాటు మెరిసింది. సరే అనుకున్నాను. తర్వాత విప్పి చూస్తే వెలుగును లోపలికి వదిలే షట్టర్ రేకుల మీద పాత నూనె జిగురు కట్టి ఉంది. అలాంటిది ఒకసారి తెరుచుకుంటే పదిసార్లు మొరాయిస్తుంది. రోలు వేసి చూస్తే తెలిసిపోయేది. రోలు ఖరీదు చూసి వేయలేదు. దీనికి పిసినారితనం తప్ప వేరే పేరు లేదు.

ఇకనుంచి ప్రతి కెమెరాలోనూ 12 బొమ్మలు తీసి, కడిగి, ఆ నెగటివును కెమెరాతో పాటే ఇస్తాను. నలుపు తెలుపు ఫిల్మును చిన్న ముక్కలుగా చుట్టి వాడతాను. (అలా చేత్తో చుట్టిన రోలు డబ్బా మీద, ఫిల్ము వేగం అంటే వెలుగును పట్టే చురుకు ఎంతో కెమెరాకు చెప్పే వెండి గళ్ల గుర్తు ఉండదు కాబట్టి చాలా కెమెరాలు దాన్ని 100 వేగం ఫిల్ము అనుకుంటాయి. అందుకే 100 ఫిల్మే.) దీనివల్ల ఒక్కో కెమెరా ధర 400 రూపాయలు పెరుగుతుంది. మోటారు కెమెరాలకు ఇస్తున్న ఆరు నెలల గ్యారంటీని ఒక్క నెలకు తగ్గిస్తున్నాను. లోపలి సర్క్యూట్ పోతే, ఇంకో చచ్చిన కెమెరాలోంచి పీకడం తప్ప విడిభాగాలకు దారి లేదు. లేని ధీమాను అమ్మలేను.

మొదటి కెమెరా ఏది కొనమంటారని అడిగేవారికి యాషికా ఎంఎఫ్-2 సూపర్ లాంటిదే చూపిస్తున్నాను. బొటనవేలితో చక్రం తిప్పాలి, అందంగానూ ఉండదు. అయితే చక్రం తిప్పినప్పుడు పైనున్న రివైండ్ పిడి (రోలును వెనక్కి చుట్టేది) కూడా తిరిగితే రోలు పట్టుకుందని కంటికి తెలుస్తుంది. అసలు అది మీ ఇంటి బీరువాలోనే ఉండవచ్చు, కొనే ముందు అమ్మను అడగండి. దొరికితే ముందు పెన్సిల్ బ్యాటరీల గది చూడండి. తెల్లగా పొడి పూసి ఉంటే దూదితో కొంచెం వెనిగర్ అద్ది తుడిస్తే చాలాసార్లు బతుకుతుంది. ఏ కెమెరా అయినా సరే, పెళ్లికి తీసుకెళ్లే ముందు ఇంట్లో ఒక రోలు తీసి కడిగించండి. ఈ మాట నా కడుగుడు కూలి కోసం చెబుతున్నానని కొందరు నవ్వుతారు. కొంత నిజమే.

పోయిన దసరా తర్వాత మా దగ్గర కెమెరా కొన్నవారు ఒకసారి తీసుకురండి, ఉచితంగా రోలు వేసి చూస్తాను. ఇంట్లో స్క్రూలు మాత్రం విప్పవద్దు. బ్యాటరీ తీసేసినా ఫ్లాష్ కోసం కరెంటు నిల్వ చేసే కెపాసిటరులో సుమారు 300 వోల్టులు నిలిచి ఉండవచ్చు, నా కుడి చూపుడువేలికి ఆ సంగతి బాగా తెలుసు. లోపల సగం తీసిన రోలు ఉంటే తలుపు తెరవకుండా అలాగే తెచ్చేయండి.