పెరట్లోని ఈ పొదను గుర్తించండి, వేరుతో తీయించండి

సంపాదకులకు,

అయ్యా,

తొలకరి పడగానే కాలనీల ఖాళీ స్థలాల్లోనూ ప్రహరీగోడల వారనా ఎవరూ నాటకుండానే మొలిచి, ఏడాది తిరిగేసరికి మనిషెత్తు పెరిగే ఒక పూలపొద గురించి మీ పత్రిక ద్వారా పాఠకుల దృష్టికి కొన్ని విషయాలు తేవాలనుకుంటున్నాను. వృక్షశాస్త్రం బోధించినవాడినని తెలిసి ఇరుగుపొరుగువారు నన్ను తరచుగా అడిగేది ఈ మొక్క గురించే. అదేమిటో తెలియక, పూలు ముచ్చటగా ఉన్నాయని నీళ్లు పోసి పెంచుతున్నవారూ ఉన్నారు.

అది లాంటానా. కొన్ని ఊళ్లలో తలంబ్రాల మొక్క అని, మరికొన్నిచోట్ల పులికంప అని అంటారు. గుర్తుపట్టడం కష్టం కాదు. లేత కొమ్మను వేళ్ల మధ్య తిప్పి చూస్తే నాలుగు పలకలుగా ఉంటుంది, చాలా మొక్కల్లో కిందికి వంగిన చిన్న ముళ్లూ తగులుతాయి. ఆకులు ఎదురెదురుగా జంటలుగా వస్తాయి. అంచులు రంపపు పళ్లలా, పైభాగం గరుకుగా ఉండి, నలిపితే ఘాటైన వాసన కొడతాయి. చిన్న చిన్న పూలు గుత్తిగా పూస్తాయి. ఒకే గుత్తిలో నడిమి పూలు పసుపుగానూ, అంచు పూలు నారింజ, గులాబీ లేదా ఎరుపు రంగులోనూ ఉండటం దీని ముఖ్య లక్షణం. విచ్చినప్పుడు పసుపుగా ఉన్న పువ్వు, పరాగసంపర్కం జరిగాక రంగు మారుతుంది. కాయలు పచ్చగా గుత్తులు కట్టి, పండాక నల్లగా నిగనిగలాడతాయి. పిల్లలు వాటిని నోట పెట్టుకోకుండా చూడాలి, ముఖ్యంగా పచ్చికాయలు విషపూరితం.

ఈ మొక్క మన నేలది కాదు. అమెరికా ఖండపు ఉష్ణప్రాంతాల నుంచి 19వ శతాబ్దం తొలినాళ్లలో కలకత్తా వృక్షోద్యానానికి అలంకారం కోసం తెచ్చిన ఈ మొక్క, తోట గోడ దాటి దేశమంతా పాకింది. దాన్ని దాటించినవి పక్షులు. పికిలి పిట్టలు, గోరువంకలు పండ్లు తిని దూరాన వాలి రెట్ట వేస్తే, అక్కడ కొత్త మొలక లేస్తుంది. కాబట్టి మన ఇంటి పొదకు కాసిన పండు మన ఇంట్లోనే ఉండిపోతుందనుకోవడానికి వీల్లేదు. దేశంలో పులులు తిరిగే అడవుల్లో 40 శాతానికి పైగా దీని ఆక్రమణలో ఉన్నట్టు భారత వన్యప్రాణి సంస్థ శాస్త్రవేత్తలు 2020లో లెక్కగట్టారు. మా నల్లమలలోనూ, శేషాచలంలోనూ బాటల వెంట ఈ పొదలు కనిపిస్తాయి. ఇది అల్లుకున్న చోట గడ్డి మొలవదు, దుప్పులకు మేత దొరకదు, వేసవిలో ఎండిన పొదలు కార్చిచ్చుకు ఆజ్యం పోస్తాయి. పచ్చిమేత లేని రోజుల్లో గతిలేక దీని ఆకు తిన్న పశువులకు, గొర్రెలకు కాలేయం దెబ్బతిని కళ్లు పచ్చబడతాయి, ఎండ తగిలిన చోట చర్మం పగులుతుంది. అటువంటి పశువును వెంటనే నీడకు చేర్చి పశువైద్యుడికి చూపించాలి.

చాలామంది చేసే పని కొడవలితో మొదలంటా నరికి ఊరుకోవడం, లేదా నిప్పు పెట్టడం. ఈ రెండింటివల్లా మోడు నుంచి మునుపటికన్నా గుబురుగా చిగుళ్లు వస్తాయి. ఢిల్లీ విశ్వవిద్యాలయంలో ఆచార్య సి.ఆర్. బాబు బృందం రూపొందించిన పద్ధతి ఇంటి పెరటికీ చక్కగా సరిపోతుంది. కాండం, వేరు కలిసే చోటుకు కింద, అంటే నేలమట్టానికి 3 నుంచి 5 సెంటీమీటర్ల లోతున, ప్రధాన వేరును పలుగుతో తెంచి, పొదను ఎత్తి తలకిందులుగా నిలిపి ఎండనివ్వాలి. కొమ్మలు తడినేలకు తగిలితే మళ్లీ వేళ్లు దిగుతాయి కనుక ఈ జాగ్రత్త తప్పనిసరి. వాన కురిసి నేల మెత్తబడ్డాక, కాయలు పండకముందే ఈ పని చేయడం మేలు. మోచేతుల దాకా చేతితొడుగులు ఉండాలి. కాయలున్న కొమ్మలను చెత్తకుప్పలో, ఎరువుగుంతలో వేయకూడదు. అంతటితో పని అయిపోదు: నేలలో మిగిలిన గింజలు కొన్నేళ్లపాటు మొలుస్తూనే ఉంటాయి, కాబట్టి ప్రతి వర్షాకాలంలోనూ చెట్ల కింద, పిట్టలు వాలే తీగల కింద వెదికి మొలకలను చేత్తో పీకేయాలి. ఖాళీ అయిన చోటును అలాగే వదిలేస్తే అది మళ్లీ లాంటానా పాలే అవుతుంది. వెంటనే అక్కడ తంగేడో, నూరువరహాలో, ముళ్లగోరింటో నాటుకోవాలి. కంచె కావాలనుకునేవారికి గోరింట ఉంది.

దీని పూలకు సీతాకోకచిలుకలు వస్తాయి కదా అని కొందరంటారు. అది నిజమే, కానీ నూరువరహాలకూ వస్తాయి, తంగేడు ఆకుపైనైతే కొన్ని రకాలు గుడ్లు పెట్టి సంతతినీ పెంచుకుంటాయి.

నర్సరీల్లో పొట్టి రకం లాంటానాను కుండీల్లో అమ్ముతున్నారు, రోడ్ల మధ్య విభాగినుల్లోనూ నాటుతున్నారు. మొక్కల పెంపకంలో పేరున్న కడియం రైతులు, పురపాలక ఉద్యానవన విభాగాలు దీన్ని ఎంపిక నుంచి తప్పించాలని కోరుతున్నాను. అలాగే వచ్చే తొలకరికి ముందే మీ వ్యవసాయ పేజీలో ఈ పొద ఆకు, పువ్వు, కాయల రంగుల ఛాయాచిత్రాలు దగ్గరగా తీసి ప్రచురిస్తే, పాఠకులు తమ పెరట్లో ఉన్నది ఇదో కాదో సరిపోల్చుకుని, కాయలు పండేలోపే తీయించుకోగలుగుతారు.

భవదీయుడు,
విశ్రాంత వృక్షశాస్త్ర అధ్యాపకుడు,
నంద్యాల