లైపోసోమ్ మందుల నిల్వపై ఆరోగ్య శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన తెలంగాణ వైద్య ఆరోగ్య శాఖ మంత్రి గారికి నమస్కారాలు.

2021లో బ్లాక్ ఫంగస్ రోగులతో కోఠి ఈఎన్‌టీ ఆసుపత్రి నిండిపోయిన రోజుల్లో ఆ ఫంగస్‌కు వాడే లైపోసోమల్ యాంఫోటెరిసిన్-బి వయల్ (మందు సీసా) దొరకడమే గగనమైంది. అంత కష్టపడి తెచ్చుకునే మందు వార్డుకు చేరేలోపే పాడవుతుంటే ఏం లాభం? అందుకే ఈ లేఖ.

ఈ మందు వంద నానోమీటర్ల కంటే చిన్నవైన, లైపోసోమ్‌లు అనే కొవ్వు బుడగల పొరలో ఇమిడి ఉంటుంది. వేడికి ఆ కొవ్వు క్షీణించి పొర బలహీనపడుతుంది. నీటితో కలిపిన మందు గడ్డకడితే మంచు స్ఫటికాలు పొరను చీలుస్తాయి. మందు బయటపడితే, కిడ్నీలకు హాని తగ్గుతుందని ఎక్కువ ధర పెట్టి కొన్న ప్రయోజనమే పోతుంది. పైగా చెడిన వయల్‌ను చూపుతో పట్టుకోవడం కష్టం.

కొన్ని కంపెనీల వయల్‌ను 25 డిగ్రీల లోపు ఉంచితే చాలు, మరికొన్నింటిది 2–8 డిగ్రీల మధ్యే ఉండాలి. టెండర్ మారితే లేబుల్ మారుతుంది, స్టోర్‌లో అలవాటు మాత్రం మారదు. ఇళ్లలో వాడే ఫ్రిజ్‌లో ఫ్రీజర్ అరకు ఆనించి పెడితే కలిపిన మందు గడ్డకట్టే ప్రమాదం ఉంది.

అసలు నష్టం ఎక్కువగా కలిపేచోట జరుగుతుంది. 50 మి.గ్రా. పొడి మందు ఉన్న వయల్‌లో 12 మి.లీ. స్టెరైల్ వాటర్ మాత్రమే పోసి, వెంటనే 30 సెకన్లు గట్టిగా కుదపాలి. పొడితో కలిసి అది 12.5 మి.లీ. అవుతుంది, మి.లీ.కి 4 మి.గ్రా. వస్తుంది. 60 కిలోల రోగికి కిలోకు 5 మి.గ్రా. చొప్పున 300 మి.గ్రా., అంటే ఆరు వయల్స్, 75 మి.లీ. దాన్ని 5 మైక్రాన్ ఫిల్టర్ గుండా 225 మి.లీ. 5% డెక్స్‌ట్రోజ్ (గ్లూకోజ్ ద్రావణం)లోకి ఎక్కించాలి. సెలైన్ అసలు తగలకూడదు. ఈ బుడగలకు రుణావేశం (నెగటివ్ చార్జ్) ఉంటుంది, అందుకే ఒకదాన్నొకటి నెట్టుకుంటూ విడివిడిగా ఉంటాయి. ఉప్పు ఆ వికర్షణను తగ్గించేస్తుంది, మందు అవక్షేపంగా దిగుతుంది. అంతకుముందు సెలైన్ ఎక్కించిన లైన్‌ను కూడా డెక్స్‌ట్రోజ్‌తో కడగాల్సిందే. హడావుడిలో మొదట మరచిపోయేది ఇదే.

కేన్సర్ వార్డుల్లోని లైపోసోమల్ డాక్సోరుబిసిన్‌కూ డెక్స్‌ట్రోజే, 2–8 డిగ్రీలే. దానికి మాత్రం ఫిల్టర్ పెట్టకూడదు.

మంత్రి గారూ, మా విన్నపాలు పెద్ద ఖర్చువి కావు. ప్రతి వయల్‌తోపాటు స్టెరైల్ వాటర్, డెక్స్‌ట్రోజ్, ఫిల్టర్ ఒకే ఇండెంట్ (సరుకు కోరే పత్రం)పై రావాలి. జిల్లా స్టోర్ నుంచి వార్డు దాకా పెట్టెలో ఉష్ణోగ్రతను నమోదు చేసే లాగర్ ఉండాలి, దాని రికార్డు చూశాకే ఫార్మసిస్టు సరుకు తీసుకోవాలి. టెండర్‌లో బ్యాచ్‌వారీగా బుడగల పరిమాణం, బుడగల్లో ఇమడకుండా బయట మిగిలిన మందు శాతం నివేదికలు అడగాలి. కంపెనీ మారిన ప్రతిసారీ కొత్త నిల్వ సూచనలు తెలుగులో వార్డు గోడకు ఎక్కాలి.

ఇట్లు,
కొందరు ఆసుపత్రి ఫార్మసిస్టులు