సైఫాబాద్ ప్యాలెస్‌కు జరిగింది ఉస్మానియా ఆసుపత్రికి జరగకూడదు

అయ్యా,

పాత సచివాలయం ప్రస్తావన వచ్చినప్పుడల్లా ‘జి బ్లాక్’ అని ఒక్క ముక్కలో తేల్చేస్తున్నారు. అది ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీఖాన్ 1888లో కట్టించిన సైఫాబాద్ ప్యాలెస్. చూడబోతుంటే ఉడుము అడ్డొచ్చిందని ఆయన తాళాలు వేయించాడని ఊళ్లో కథగా చెబుతారు. తర్వాత అదే సర్కారు కచేరీ అయింది, ‘సర్వహిత’ పేరుతో ముఖ్యమంత్రుల పేషీ అయింది. 2020 జూన్ 29న కూల్చొద్దన్న పిటిషన్లను హైకోర్టు కొట్టేసింది, జూలై 7న కూల్చివేత మొదలైంది. 132 ఏళ్ల కట్టడం రోజుల్లో రాళ్లకుప్ప!

ఎర్రమంజిల్ ప్యాలెస్ మాత్రం నిలిచింది. దాన్ని కూల్చాలన్న నిర్ణయాన్ని 2019 సెప్టెంబరులో ఇదే హైకోర్టు రద్దు చేసింది.

ఉస్మానియా ఆసుపత్రి పాత భవనంలోకి 2020 జూలైలోనే వాననీళ్లు చేరాయి, రోగులను తరలించి తాళం వేశారు. అది శిథిలావస్థకు చేరిందని, కూల్చాలని అన్నారు. అందుకే ‘శిథిలావస్థ’ అనే మాట గురించి రాయాల్సి వస్తోంది. గానుగ సున్నంతో కట్టిన గోడ చెమ్మను పీల్చుకుంటుంది, బయటికి వదులుతుంది. మరమ్మతు పేరిట పైన సిమెంటు పూస్తే చెమ్మకు దారి ఉండదు. ఉప్పు పొంగి పూత పెచ్చులూడుతుంది. ఆ పెచ్చులు చూసి గోడే పోయిందని రాసేస్తారు. మిద్దె మీద తూము పూడితే నీళ్లు గోడలోకి దిగి, అందులో కూర్చున్న దూలం కొన పుచ్చుతుంది. దూలం నడుమ గట్టిగానే ఉంటుంది కాబట్టి చాలాసార్లు కొన కోసి కొత్త కర్ర అతికితే సరిపోతుంది. రావి మొక్కను పైపైన నరికితే లాభం లేదు, వేరు లోపలే లావెక్కి రాళ్లను ఎడం చేస్తుంది. వేరు వెంట తవ్వి తీసి, సందులో సున్నం దట్టించాలి.

కూల్చాలా వద్దా అనేది ఒక్కరోజు తనిఖీలో తేలేది కాదు. ముందు తూములు శుభ్రం చేయించండి. ప్రతి పగులు మీద పలుచని గాజుముక్క అడ్డంగా అతికించి తేదీ రాయండి. గాజు చిట్లితే పగులు ఇంకా కదులుతున్నట్టు, ఒక వానాకాలం దాటినా చిట్లకపోతే అది పాత పగులే. ఈలోగా గదిగదికీ కొలతలు తీసి, తలుపులు, కమానులు, మెట్లతో సహా నక్షాలు గీయించి జనానికి అందుబాటులో పెట్టాలి. ఈ పనులయ్యాకే ఉస్మానియా భవితవ్యంపై ప్రభుత్వం సంతకం చేయాలని కోరుతున్నాం.

– పాత కట్టడాల మరమ్మతు ఇంజినీర్లు, హైదరాబాద్