మా టీచర్లు తయారుచేస్తున్న పాఠాలు

ప్రియమైన తల్లిదండ్రులకు నమస్కారం.

ఈ నెల పిల్లల సంచుల్లో కొత్త తెలుగు వర్క్‌షీట్లు చూసే ఉంటారు. కింద మూలన ఉన్న క్యూఆర్ కోడ్‌ను స్కాన్ చేస్తే పాఠంలోని పద్యాలు మా తెలుగు మాస్టారి గొంతులో వినిపిస్తాయి. స్టాఫ్‌రూమ్ పక్క గదిలో కిటికీకి దుప్పటి కట్టి, ఆడాసిటీ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో ఆయనే రికార్డు చేశారు.

“ఇంత శ్రమెందుకండీ, ఫోనే చదివి పెడుతుందిగా?” అని కొందరు అడిగారు. చదువుతుంది. కానీ ‘చాప’లో చ వేరు, ‘చేప’లో చ వేరు. రాతలో కనిపించని ఆ తేడా సరైన గొంతు వింటేనే పిల్లలకు పట్టుబడుతుంది. ఇక పద్యంలో ఎక్కడ విరవాలో, ఎక్కడ సాగదీయాలో చెప్పాలంటే మాస్టారే కావాలి.

ఇదివరకు ప్రశ్నపత్రం కావాలంటే డీటీపీ షాపుకు పరుగెత్తేవాళ్లం. ఆ ఫాంట్లు మన కంప్యూటర్‌లో లేకపోతే ఫైలంతా గజిబిజిగా కనిపించేది. ఏ కంప్యూటర్‌లోనైనా తెలుగు అక్షరాలు చదవగలిగేలా చేసే యూనికోడ్ పద్ధతి వచ్చాక ఆ బాధ లేదు. టీచర్లు ఫోన్‌కు నోటితో చెప్పి టైపు చేయించుకుని, తప్పుపడ్డ ఒత్తులు దిద్దుకుంటున్నారు. అందువల్లే 6వ తరగతిలో ఒకే కథను రెండు రకాలుగా ఇవ్వగలుగుతున్నాం: చదవడంలో తడబడేవారికి చిన్న వాక్యాలతో ఒకటి, మిగతావారికి పూర్తి పాఠం. ఇంగ్లిష్ టీచర్ ప్రథమ్ బుక్స్ వారి స్టోరీవీవర్ అనే పిల్లల కథల వెబ్‌సైట్ నుంచి కథలు తీసుకుంటున్నారు. అక్కడి కథలను మార్చుకుని అచ్చు వేసుకోవడానికి అనుమతి ఉంది. అందరి రచనలకూ అలా కుదరదు. మన కాపీరైట్ చట్టం ప్రకారం రచయిత పోయాక 60 ఏళ్లు దాటాలి. 1915లో కన్నుమూసిన గురజాడ కథలను నిశ్చింతగా వాడుకోవచ్చు. నిన్నమొన్నటి రచయితలను మాత్రం అడగాల్సిందే.

కృత్రిమ మేధను కూడా వాడుతున్నాం, దాచేదేమీ లేదు. ప్రశ్నలకు మొదటి చిత్తుప్రతి చిటికెలో ఇస్తుంది. ఛందస్సు దగ్గరే దాని ప్రతాపం తెలిసింది. పాదానికి 21 అక్షరాలుండే చంపకమాలను 20 అక్షరాల ఉత్పలమాల అని ధీమాగా చెప్పింది. 9వ తరగతి పిల్లలు వేళ్ల మీద లెక్కపెట్టి ఆ తప్పు పట్టుకున్నారు. ఆ రోజు గణవిభజన నేర్చుకున్నంత హుషారుగా వాళ్లు ఎన్నడూ నేర్చుకోలేదని నా అనుమానం. టీచర్ చూసి సంతకం పెట్టని ప్రతి ఏదీ పిల్లల చేతికి వెళ్లదు.

దీనికోసం ఎవరూ కొత్త ఫోను కొనక్కర్లేదు. రికార్డింగులన్నీ తరగతిలో స్పీకర్ మీద వినిపిస్తాం. ఇంట్లో వినాలంటే పెన్‌డ్రైవ్ పంపండి, ఆఫీసులో ఎక్కించి ఇస్తారు. పాఠ్యపుస్తకం యథాప్రకారం ఉంటుంది.

మీ నుంచి ఒక సాయం కావాలి. ఇంట్లో అమ్మమ్మ, తాతయ్యలుంటే వాళ్లకు వచ్చిన పొడుపు కథలు, సామెతలు రెండు నిమిషాలు మించకుండా రికార్డు చేసి పంపండి. అందులో పేరు, ఊరు చెప్పనవసరం లేదు. వాటిని తరగతి గదిలోనే వాడతాం, బయట ఎక్కడా పెట్టం. మీ యాస ఏదైనా అలాగే ఉంచండి, ‘పుస్తకం తెలుగు’లోకి మార్చకండి. వచ్చే తల్లిదండ్రుల సమావేశంలోపు తరగతి టీచర్‌కు అందితే చాలు.

ఇట్లు,
మీ ప్రధానోపాధ్యాయురాలు