బస్తీ తల్లుల సంఘం: 2024-25 వార్షిక నివేదిక

అధ్యక్షురాలికి, సభ్యులకు, ఒక పూట పని మానుకుని వచ్చిన తల్లులకు నమస్కారం.

మన సంఘం ఎందుకు పెట్టుకున్నామో మళ్లీ చెప్పక్కర్లేదు. పుట్టిన గంటలోపే బిడ్డకు రొమ్ము పట్టించాలి. ఆరు నెలలు నిండేదాకా తల్లిపాలే, చుక్క నీళ్లు కూడా వద్దు. ఆ తర్వాత మెత్తటి తిండి పెడుతూ రెండేళ్లూ ఆపైనా పాలివ్వాలి. ఇవి మీలో చాలామందికి నాకంటే బాగా తెలుసు. కాబట్టి నేరుగా పనిలోకి వస్తాను.

ముందు కృతజ్ఞతలు. అంగన్‌వాడీ టీచరమ్మ, ఆయమ్మ పాలు, గుడ్ల పంపిణీ అయ్యాక కూడా ఆగి, చాపలు వేసి మరీ మనకు చోటిచ్చారు. ఆశా అక్కలు కొత్తగా కాన్పయిన ఇళ్ల కబురు ఎప్పటికప్పుడు చెప్పారు. టెంట్ హౌస్ ఆయన ఆగస్టులో కుర్చీలకు కిరాయి తీసుకోలేదు. మైకు చర్చి పెద్దలది, తాగే నీళ్లు మసీదు కమిటీ వాళ్లవి. దర్జీ పని చేసే మన సభ్యురాలు కర్టెన్ కుట్టి, దారం పైసలు కూడా అడగలేదు. బస్తీ దవాఖానా నర్సమ్మ సెలవు రోజున వచ్చి మాట్లాడింది. ఎవరినైనా మర్చిపోయి ఉంటే మనసులో పెట్టుకోవద్దు.

ఈ ఏడాది గట్టిగా చెప్పుకోవాల్సింది అత్తల సభ. ఆగస్టు మొదటి వారంలో తల్లిపాల వారోత్సవాలు 1992 నుంచి ప్రపంచమంతా జరుగుతున్నాయి. మనం ఇన్నాళ్లూ బాలింతలనే కూర్చోబెట్టి చెప్పాం. వాళ్లు తలూపి వెళ్తారు. ఇంట్లో పుట్టగానే తేనె నాకించేది నానమ్మ, ‘పాలు చాలట్లేదు, డబ్బా తెప్పించు’ అనేది అత్త. అందుకని ఈసారి కోడళ్లను రావద్దన్నాం, అత్తలను, అమ్మమ్మలనే పిలిచాం. హాలు నిండి మెట్ల మీద కూడా కూర్చున్నారు.

సభ మనం అనుకున్నట్టు జరగలేదు, అంతకంటే బాగా జరిగింది. ఒక పెద్దావిడ లేచి, ‘మేం ముర్రుపాలు పిండి పారబోసే పిల్లల్ని పెంచాం, ఏమైంది?’ అని గదమాయించింది. నర్సమ్మ నోరు తెరిచేలోపే వెనక నుంచి ఇంకో ముసలమ్మ, ‘ఏమైందా? నీకు బతికారు, నాకు ఇద్దరు పోయారు’ అంది. ముర్రుపాలు పారబోయడం వల్లే పోయారని ఎవరూ అనలేం, ఆమె కూడా అనలేదు. కానీ ఆ తర్వాత, పసుపు పచ్చగా వచ్చే ఆ కాసిని పాలలోనే రోగాలను అడ్డుకునే శక్తి ఉందని నర్సమ్మ చెబితే అందరూ చెవులప్పగించి విన్నారు.

నీళ్ల మీద వాదన ఇంకా చాలాసేపు సాగింది. మన దగ్గర మే నెల ఎండలో చంటిదానికి చెంచాతో నీళ్లు పోస్తారు, బాలింతకేమో పథ్యం పేరుతో నీళ్లు తగ్గిస్తారు. చేయాల్సింది సరిగ్గా దీనికి ఉల్టా. బిడ్డకు పాలలోనే కావలసినన్ని నీళ్లుంటాయి, దాహం తల్లికి. ఏడ్చిన ప్రతిసారీ పాలు చాలనట్టు కాదనీ, రోజుకు ఆరుసార్లయినా ఒంటేలు పోస్తూ బరువు పెరుగుతుంటే పాలు సరిపోతున్నట్టేననీ చెప్పాం. ఇప్పుడు ఇద్దరు ముగ్గురు అత్తలు మనం అడక్కుండానే పక్క గల్లీలకు వెళ్లి చెబుతున్నారు.

ఆసుపత్రుల సంగతి. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019-21) ప్రకారం తెలంగాణలో నూటికి అరవై కాన్పులు సిజేరియన్లే. ఆపరేషనయిన తల్లి పక్కకు తిరిగి పడుకుని పాలివ్వగలదు, పక్కన ఒక మనిషి ఉంటే చాలు. ఆ మనిషే ఉండరు. ఒక నర్సింగ్ హోమ్‌లో చీటీ మీద డబ్బా పేరు రాసిచ్చారు. పాలపొడికి ప్రకటనలు, ఉచిత శాంపిళ్లు ఉండకూడదని 1992లోనే చట్టం వచ్చింది, 2003లో దాన్ని ఇంకా బిగించారు. చీటీ జెరాక్స్ పెట్టి సంబంధిత ఆఫీసులో ఫిర్యాదు ఇచ్చాం. రసీదు మా దగ్గర ఉంది. జవాబు లేదు.

అసలు చిక్కు పని. ఆఫీసు ఉద్యోగానికి చట్ట ప్రకారం 26 వారాల జీతంతో సెలవు. ఇళ్లల్లో గిన్నెలు తోమే మన వాళ్లకు ఆ చట్టం వర్తించదు. నెల దాటితే ఇంకో మనిషిని పెట్టుకుంటామంటారు. దాంతో డబ్బా వస్తుంది. అది ఎక్కువ రోజులు రావాలని పలచగా కలుపుతారు, బిడ్డకు విరేచనాలు పట్టుకుంటాయి. పాలు చేత్తో పిండి మూతగిన్నెలో పెట్టి వెళ్లడం, సీసా కాకుండా ఉగ్గుగిన్నెతో పట్టడం నేర్పాం. నీడపట్టున నాలుగు గంటలు ఆగుతాయి గానీ మన రేకుల ఇళ్లలో ఎండాకాలం అంతసేపు నమ్మకండి.

కమ్యూనిటీ హాలు మూల గదికి కర్టెన్ కట్టి పిల్లల గది చేశాం. తాళం మాత్రం హాలు చూసుకునే ఆయన జేబులో ఉంటుంది, ఆయన పదింటికి గానీ రాడు. మనవాళ్లు పనికి వెళ్లేది ఆరింటికి.

పక్కన లేస్తున్న అపార్ట్‌మెంట్ల దగ్గరా అడిగాం. యాభైమందికి మించి ఆడకూలీలుంటే పిల్లల గది పెట్టాలని అప్పుడు అమల్లో ఉన్న 1996 చట్టం చెప్పేది. ‘అంతమంది లేరు’ అన్నాడు సూపర్‌వైజర్. లెక్క పుస్తకంలో మొగుడి పేరే రాసి జంటకు కలిపి కూలి ఇస్తే ఆడవాళ్లు ఎలా కనిపిస్తారు? ఇది వచ్చే ఏడాది వదలకూడదు.

ఇంకో మాట చెప్పక తప్పదు. వారోత్సవాలకు పిలిచిన అధికారి ఆలస్యంగా వచ్చి, బ్యానర్ ముందు ఫొటో దిగి, గది తాళం సంగతి చూస్తానని వెళ్లారు. తర్వాత ఫోన్ ఎత్తలేదు. ఆయన్ని అని ఏం లాభం, ఉగాదికి పేర్లిచ్చిన మన వాలంటీర్లే గ్రూపులో బొటనవేలు గుర్తు పెట్టి ఊరుకుంటున్నారు. సాయంత్రం బాలింతల ఇళ్లకు ఎప్పుడూ ఆ నలుగురే వెళ్తున్నారు.

లెక్కలు: ఖర్చు చందాలకు లోబడే ఉంది, వివరాలు తలుపు పక్కన అంటించాం, కోశాధికారి సంతకం ఉంది. సభ్యత్వ రుసుము బాకీ ఉన్నవాళ్లు ఈ రోజే కట్టండి.

సభ ఆమోదానికి రెండు తీర్మానాలు పెడుతున్నాం. గది తాళం రెండో చెవి సంఘం దగ్గర ఉండాలని వినతిపత్రం ఇవ్వడం, అత్తల సభ ఇకపై ఏటా జరపడం. మొదటిదానికి అందరూ సంతకం చేశాకే చాయ్.

ఇట్లు
కార్యదర్శి