హెడ్‌ఫోన్స్‌లో కుడివైపు లోపం, సర్వీస్ సెంటర్ ‘లోపం లేదు’ అని తిప్పి పంపడంపై ఫిర్యాదు

కస్టమర్ సర్వీస్ మేనేజర్ గారికి,

అయ్యా,

గత నెల 8న మీ వెబ్‌సైట్లోనే 7,499 రూపాయలు పెట్టి బ్లూటూత్ హెడ్‌ఫోన్స్ కొన్నాను. చెవి మొత్తం కప్పే మోడల్, నలుపు రంగు. బిల్లు, సీరియల్ నంబర్ ఫొటో జత చేశాను. ఏడాది వారంటీ ఉంది.

ఊరికే వంకలు పెడుతున్నాననుకోకండి, బాగున్నవి కూడా చెబుతాను. రోజూ మియాపూర్ నుంచి ఎల్బీ నగర్ దాకా మెట్రోలో వెళ్తాను. నాయిస్ క్యాన్సిలేషన్ ఆన్ చేస్తే బోగీలో ఏసీ హోరు, పట్టాల మోత చాలావరకు అణిగిపోతాయి. పక్కాయన ఫోన్ మాటలు వినపడుతూనే ఉంటాయి గానీ అందుకు మిమ్మల్ని అనను. ఒకే తీరుగా సాగే లోతైన మోతను అణచినంత బాగా మాటల్ని అణచడం ఈ పద్ధతికి చేతకాదు. ఛార్జింగ్ వారానికి ఒకసారి చాలు. బేస్ మరీ ఎక్కువ, యాప్‌లో తగ్గించుకున్నాను. మెత్తలు హాయిగానే ఉన్నాయి, ఈ ఎండలకు చెవులు ఉడికిపోతున్నా సరే.

అసలు బాధ పదకొండో రోజున మొదలైంది. పొద్దున్నే ఒక పాత కచేరీ రికార్డింగ్ పెట్టుకున్నాను. అందులో గాయని గొంతు రెండు చెవులకీ నడిమధ్యన వినిపించాలి. అది ఎడమ చెవి దగ్గరికి జరిగిపోయింది. తంబూర కూడా అటే. కుడివైపు వయొలిన్ పక్కగదిలో ఎవరో తలుపేసుకుని వాయిస్తున్నట్టుంది. మృదంగం ‘ధోం’ అన్నప్పుడల్లా కుడి కప్పులో చిరిగిన కాగితం మీద ఊదినట్టు ‘బర్ర్’మంటోంది.

నాకు నలభై ఎనిమిదేళ్లు. చెవే దెబ్బతిందేమోనని ముందు టెన్షన్ పడ్డాను. హెడ్‌ఫోన్స్ తిప్పి, ఎడమ కప్పు కుడి చెవికి పెట్టుకున్నాను. గొంతు కుడివైపుకి వచ్చేసింది! చెవులు బాగానే ఉన్నాయి, కప్పుదే లోపం. ఫోన్‌లో బ్యాలెన్స్ మధ్యలోనే ఉంది. మా ఆవిడ ఫోన్‌తో, లాప్‌టాప్‌తో, ఆఖరికి వైరు తగిలించి కూడా చూశాను. అదే తేడా. కాబట్టి బ్లూటూత్‌దీ కాదు. కుడి కప్పులో శబ్దం పుట్టించే డ్రైవర్ పొర ఎక్కడో రాసుకుంటోందని నా అనుమానం.

మీ సర్వీస్ సెంటర్ వాళ్లు తొమ్మిది రోజులు ఉంచుకుని, ‘లోపం లేదు, సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ చేశాం’ అని కాగితం చేతిలో పెట్టారు. కౌంటర్‌లో కుర్రాడు ఒక్క కప్పు చెవికి ఆనించుకుని, “సౌండ్ వస్తోంది కదా సార్” అన్నాడు. రావట్లేదని నేనెప్పుడన్నాను? తలకు పెట్టుకుని, ఒకసారి తిప్పి చూడు బాబూ అన్నాను. చూశాడు. కాసేపు మాట్లాడలేదు. తర్వాత మెల్లగా, “కొంచెం తేడా ఉంది సార్, కానీ సిస్టమ్‌లో అది రాయడానికి ఆప్షన్ లేదు” అన్నాడు. ఆ కుర్రాడి మీద నాకు కోపం లేదు. ఆ ఆప్షన్ పెట్టనివాళ్ల మీదే ఉంది.

నాకు కొత్త సెట్ ఇవ్వండి, రిపేరు చేసి మళ్లీ ప్యాక్ చేసింది వద్దు. లేదా డబ్బు వెనక్కి ఇవ్వండి. ఈ లేఖ అందిన 15 రోజుల్లో జవాబు రాకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేస్తాను. అక్కడా తేలకపోతే 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద జిల్లా కమిషన్‌కు వెళ్తాను. సెట్ మళ్లీ పరీక్షకు కావాలంటే పంపుతాను, కానీ పరీక్షించేవాళ్లు రెండు చెవులకీ ఒకే శబ్దం వచ్చే మోనో రికార్డింగ్ పెట్టి, కప్పులు అటూఇటూ మార్చి వినాలి. రెండు నిమిషాల పని.

ప్రస్తుతం మెట్రోలో నా పాత వైరు ఇయర్‌ఫోన్స్‌తోనే వింటున్నాను. 450 రూపాయలవి. గొంతు మధ్యలోనే ఉంటోంది.

ఇట్లు,
మీ వినియోగదారుడు

జత: బిల్లు, సీరియల్ నంబర్ ఫొటో, సర్వీస్ సెంటర్ ఇచ్చిన కాగితం