ఇంజినే చట్రమైన కారు

ప్రియ మిత్రమా,

నీ ఉత్తరం అందింది. అమ్మాయికి కోరుకున్న కాలేజీలోనే ఇంజినీరింగ్ సీటు వచ్చిందని చదివి ఇంటిల్లిపాదీ సంతోషించాం. ఇక నీ ప్రశ్న సంగతి. అరవై ఏళ్ల నాటి రేసు కార్ల బొమ్మలు ముందేసుకుని గంటల తరబడి ఏం చూస్తావురా అని అడిగావు కదా. వంతెనలు కట్టే నీకు అసలు చెప్పనక్కరలేదు, అయినా చెబుతాను.

1967 నాటి లోటస్ 49 తీసుకో. కోలిన్ చాప్‌మన్, మారిస్ ఫిలిప్ రూపొందించిన ఫార్ములా వన్ రేసు కారు. అల్యూమినియం రేకులతో చేసిన దాని ఒళ్లు డ్రైవరు వీపు దగ్గరే ఆగిపోతుంది. అక్కడి నుంచి వెనక్కి చట్రమే లేదు! కీత్ డక్‌వర్త్ గీసిన కాస్‌వర్త్ డీఎఫ్‌వీ అనే మూడు లీటర్ల వీ8 ఇంజిన్ను (వీ ఆకారంలో రెండు వరుసలుగా ఎనిమిది సిలిండర్లున్నది) ఆ వెనక గోడకు బోల్టులతో బిగించారు. ఇంజిన్ వెనక గేర్‌బాక్సు. వెనక చక్రాల సస్పెన్షన్ భారమంతా ఆ రెండింటి మీదే. ఇంజిన్ చేత బరువు మోయించడం కొత్తేమీ కాదు, 1954లోనే లాన్సియా డీ50 రేసు కారులో విట్టోరియో యానో కొంతవరకు చేశాడు. కానీ ఇంత నిండుగా, ఇంత శుభ్రంగా కుదిరింది లోటస్‌లోనే అంటాను.

నేను చూసేది ఆ బిగింపునే. కింద రెండు బోల్టులు. పైన, రెండు సిలిండర్ హెడ్ల (సిలిండర్ల వరుసల పైభాగాల) నుంచి గోడకు పలచటి త్రికోణపు ఉక్కు పలకలు. వేడెక్కితే ఇంజిన్ వెడల్పు పెరుగుతుంది, గోడ మాత్రం అంతగా పెరగదు. నాలుగు చోట్లా బిర్రుగా బిగించేస్తే ఎక్కడో ఒకచోట పగులుతుంది. ఈ పలకలు ముందువెనకల లాగుడుకు చెక్కుచెదరవు, పక్కకు మాత్రం కాస్త వంగుతాయి. వంతెనకు ఒక కొసన నువ్వు అది సాగినప్పుడు జరిగేలా రోలర్ బేరింగ్ పెట్టేది ఇందుకే కదా! ఎంత చిన్న పలక, ఎంత పెద్ద బుర్ర!

1967 జూన్ 4న హాలండ్‌లోని జాండ్‌వోర్ట్‌లో ఆ కారుకు మొదటి పోటీ. అందరికంటే ముందు నుంచి బయలుదేరిన గ్రాహమ్ హిల్ కారు కామ్‌షాఫ్టులను (ఇంజిన్ కవాటాలను తెరిచే కడ్డీలను) తిప్పే పళ్ల చక్రం విరిగి ఆగిపోయింది. ఎనిమిదో స్థానం నుంచి బయలుదేరిన జిమ్ క్లార్క్ మాత్రం మరో లోటస్ 49లో గెలిచేశాడు. ఫోర్డ్ కంపెనీ ఆ ఇంజిన్ కోసం పెట్టిన లక్ష పౌండ్లకు తొలి రోజే ఫలితం దక్కింది.

ఆ పళ్ల చక్రాల బెడద మాత్రం కొన్నేళ్లు వదల్లేదు. కామ్‌షాఫ్టుల మెలికల అదురు పళ్లను విరగ్గొట్టేది. చివరికి డక్‌వర్త్ ఏం చేశాడో తెలుసా? పళ్లను ఇంకా లావు చేయడంతో సరిపెట్టలేదు. చక్రం నడిబొడ్డున సన్నటి కడ్డీలు అమర్చాడు. అదురు వచ్చినప్పుడు అవి కొద్దిగా మెలి తిరిగి దాన్ని మింగేస్తాయి. పలకల్లో ఉన్న ఆలోచనే మళ్లీ ఇక్కడ. ఎక్కడ బిగుసుకోవాలో, ఎక్కడ లొంగాలో ఆయనకు తెలుసు. 1983 వరకు ఆ ఇంజిన్ 155 గ్రాండ్ ప్రీ పోటీలు గెలిచిందంటే ఊరికే కాదు. జనం రంగులనూ రెక్కలనూ ఫొటోలు తీస్తారు, ఈ పలకల వంక ఒక్కరూ చూడరు. నాకదే బాధ.

ఆ పలక బొమ్మ నా చేత్తో గీసి దీంతో పంపుతున్నాను. కొలతలు నా అంచనాయే. పక్కకు ఎంత వంగగలదో లెక్క కట్టి రాయి. అమ్మాయి చేత చేయించినా సరే.

నీ
మిత్రుడు